అప్పజెప్పడం మానేసిన అమ్మాయి: పర్లాకిమిడి నుంచి ఒక కేస్ స్టడీ

నవంబరు రెండో వారంలో ఒక సాయంత్రం ఆ అమ్మాయి మా రీడింగ్ రూమ్ మెట్లెక్కి వచ్చింది. వెనకాలే వాళ్ల నాన్న, ఆయన భుజం మీద బియ్యం సంచీ. దించి చూస్తే అందులో పదకొండు నోటు పుస్తకాలు. ఒక్కోటీ తిరగేశాను. ముత్యాల్లాంటి అక్షరాలు, పచ్చ గులాబీ నారింజ హైలైటర్లు, పక్కన బాణం గుర్తులు, కొన్ని పేజీల్లో రంగు పడని వాక్యం వెతికినా దొరకదు. "చదివింది చదివినట్టే పోతోంది మాస్టారూ, నా బుర్రలోనే ఏదో లోపం ఉందనిపిస్తోంది" అంది. వాళ్ల నాన్నకి ఆ మాట నచ్చలేదు. "రోజుకి తొమ్మిది గంటలు చదువుతాది మాస్టారూ, కళ్లారా చూస్తన్నాను. లోపం ఎక్కడిది?" అన్నారు.

ఇద్దరూ నిజమే చెప్పారు. తొమ్మిది గంటలు చదువుతున్న మాట నిజం, గుర్తుండకపోతున్న మాటా నిజం.

నేను ఒడిశా అంచున ఉన్న ఈ పర్లాకిమిడిలో పన్నెండేళ్లుగా పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో కూర్చుంటున్నాను, తెలుగు పిల్లలూ వస్తారు, ఒడియా పిల్లలూ వస్తారు, సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి కూడా వస్తారు. ఈ ఫిర్యాదు నెలకొకసారైనా వింటాను. ఈ ఒక్క కేసునే మొత్తంగా రాయడానికి కారణం, మొదటి రోజు నుంచీ కాగితాలన్నీ దాచాను, మధ్యలో నా వల్ల జరిగిన ఒక పెద్ద పొరపాటు ఉంది, అది ఇంకొకరు చేయకూడదు. ఆ అమ్మాయి కూడా రాయమంది. పేరు రాయను, ఇంటి వివరాలు కొన్ని మార్చాను.

వయసు ఇరవై ఆరు. పదో తరగతి దాకా ఒడియా మీడియం, తర్వాత ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. సివిల్స్ (ఐఏఎస్, ఐపీఎస్ లాంటి ఉద్యోగాల పరీక్ష) రెండుసార్లు రాసింది. మొదటిసారి తొలి వడపోత పరీక్ష ప్రిలిమ్స్‌లోనే పోయింది, రెండోసారి అసలు రాత పరీక్ష మెయిన్స్ దాకా వెళ్లి ఆగిపోయింది. తను ఎంచుకున్న ఆప్షనల్ సబ్జెక్టు ఆంత్రపాలజీ, అంటే మనుషుల గురించీ సమాజాల గురించీ చెప్పే శాస్త్రం. పగలు పదకొండు నుంచి ఒంటిగంట దాకా వాళ్ల కిరాణా కొట్లో కూర్చోవాలి, అది తప్పదు.

సివిల్స్ ఎంత పొడుగు పరీక్షో తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ప్రిలిమ్స్ మే, జూన్ ప్రాంతంలో, మెయిన్స్ ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో, ఆ తర్వాత నెలలకి ఇంటర్వ్యూలు. మెయిన్స్‌లో తొమ్మిది పేపర్లు, రెండు భాషా పేపర్లు పాసైతే చాలు, మిగతా ఏడూ ఒక్కోటి 250 మార్కులు, కలిపి 1750. మొదటి మూడు జనరల్ స్టడీస్ పేపర్లలో మూడు గంటలకి 20 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు. డిసెంబరులో చదివింది ఆగస్టులో, తొమ్మిది నిమిషాల్లో, పుస్తకం లేకుండా, పెన్ను చివరికి రావాలి. ఇందులో చదవడం కంటే తీయడమే పెద్ద పని, కానీ తీయడాన్ని సాధన చేసేవాళ్లు చాలా తక్కువ.

ఆ సాయంత్రమే చిన్న పరీక్ష పెట్టాను. పొద్దున్న ఏం చదివావమ్మా అంటే రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే అయిదో షెడ్యూలు, ఆరో షెడ్యూలు అంది. నాలుగోసారి అట. తెల్ల కాగితం ఇచ్చి, పది నిమిషాలు, తెలిసిందంతా రాసెయ్ అన్నాను. మొదటి రెండు నిమిషాలు పెన్ను బాగానే కదిలింది: గిరిజన ప్రాంతాలు, గవర్నరుకు ప్రత్యేక అధికారాలు, ట్రైబ్స్ అడ్వైజరీ కౌన్సిల్, అస్సాం. తర్వాత ఆగిపోయింది. స్వయంపాలక జిల్లా కౌన్సిళ్లు ఆరో షెడ్యూలువి, వాటిని అయిదో షెడ్యూలు కింద రాసింది. ఆరో షెడ్యూలు రాష్ట్రాల్లో అస్సాం తర్వాత మేఘాలయ, త్రిపుర, మిజోరం రాలేదు. అన్నిటికంటే నాకు బాధ కలిగించింది ఏమిటంటే, తన సొంత జిల్లా గజపతిలో ఆర్.ఉదయగిరి ప్రాంతం, గుమ్మా బ్లాకు, రాయగడ బ్లాకు (రాయగడ జిల్లా కాదు, మన దగ్గరున్న బ్లాకు) అయిదో షెడ్యూలు ప్రాంతాలే, ఆ సంగతి కాగితం మీద ఎక్కడా లేదు. వారం వారం ఆ ఊళ్ల నుంచే వాళ్ల కొట్టుకి మనుషులు వస్తారు.

కాగితం పక్కన పెట్టి పుస్తకం తెరిచాను. చూడగానే "ఇదంతా నాకు తెలుసు మాస్టారూ!" అంది, గొంతులో ఏడుపు.

చూస్తే తెలుసు. అక్కడే ఉంది చిక్కంతా. గుర్తుపట్టడం వేరు, గుర్తుకు తెచ్చుకోవడం వేరు, మన భాషలోనే రెండు మాటలున్నాయి. సంతలో ఎదురైన మనిషిని గుర్తుపడతాం, నవ్వుతాం, కానీ పేరు మాత్రం ఇంటికొచ్చి అన్నం తింటుంటే గుర్తొస్తుంది. నాలుగోసారి అదే పేజీ చదువుతుంటే ప్రతి వాక్యమూ పాత చుట్టంలా పలకరిస్తుంది, ఆ పరిచయాన్ని మనం 'వచ్చేసింది' అనుకుంటాం. పరీక్ష హాల్లో చుట్టం రాడు, ఖాళీ కాగితమే వస్తుంది.

వారం పాటు గంట గంటకీ ఏం చేస్తోందో రాయమన్నాను, ఏమీ మార్చకుండా. ఏడు రోజుల్లో 61 గంటలు చదివింది. అందులో పుస్తకం మూసి ఏదైనా రాసిన, చెప్పిన సమయం రెండు గంటలు, అదీ ఆదివారం మాక్ టెస్టు. మిగతా 59 గంటలూ చదవడం, వీడియోలు చూడడం, గీతలు గీయడం. ఆ లెక్క ఆ అమ్మాయి ముందే పెట్టాను. లోపం బుర్రలో లేదమ్మా, ఈ రెండు గంటల్లో ఉంది అని చెప్పాను.

చిన్నప్పుడు మనందరికీ ఈ పని వచ్చు. బడిలో పద్యం వల్లె వేసి పంతులు గారి ముందు నిలబడి అప్పజెప్పేవాళ్లం. ఎక్కాలు అప్పజెప్పేవాళ్లం. పుస్తకం ఆయన చేతిలో ఉండేది, మన చేతులు కట్టుకుని ఉండేవి. ఎక్కడ ఆగిపోయామో అక్కడ ఆయన ఒక మాట అందించేవారు, ఆ మాట మాత్రం ఇక జన్మలో మరిచిపోం. ఇంటర్ దాటాక అప్పజెప్పడం చిన్నపిల్లల పని అయిపోయింది, పెద్దవాళ్లం కాబట్టి 'రివిజన్' చేస్తాం, అంటే మళ్లీ చదువుతాం. అవధానం చూసినవాళ్లకి ఇంకా బాగా తెలుస్తుంది. అష్టావధాని పద్యం అడిగిన ఒక్కొక్కరికి పద్యంలో ఒక్కో పాదం చెబుతూ నాలుగు ఆవృత్తాలు తిరుగుతారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు మనసు మళ్లిస్తూనే ఉంటారు, ఆఖరున ధారణలో అన్ని పద్యాలూ వరసగా అప్పజెబుతారు. ఒక పాదం చెప్పాక మిగతావాళ్ల దగ్గరికి వెళ్లి వచ్చి మళ్లీ అక్కడ నుంచి అందుకోవాలి. మరిచిపోయేంత విరామం ఇచ్చి మళ్లీ తీయడమే ఆ సాధన అంతా అని నా నమ్మకం.

శాస్త్రం కూడా ఇదే చెబుతోంది. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలు కంఠస్థం చేసి, ఎంత సేపటికి ఎంత పోతోందో తన మీద తానే కొలుచుకుని 1885లో అచ్చు వేశారు. ఒక రోజు గడిచాక మళ్లీ నేర్చుకోబోతే మొదటి శ్రమలో మూడో వంతు మాత్రమే ఆదా అయింది. 31 రోజులకి అది అయిదో వంతు. అంటే పోయేదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజే పోతుంది, తర్వాత మెల్లగా తరుగుతుంది. అర్థమున్న పాఠం ఇంత వేగంగా పోదు, కానీ తరిగే తీరు అలాంటిదే. ఇక 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ పిల్లలకి రెండు పాఠాలు ఇచ్చి, ఒకదాన్ని రెండోసారి చదవమన్నారు, ఇంకోదాన్ని పుస్తకం లేకుండా రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివిన పాఠమే ఎక్కువ గుర్తుంది, 81 శాతం, రాసింది 75. వారం తర్వాత పెడితే తిరగబడింది, చదివింది 42, రాసింది 56. ఈ నాలుగు అంకెలూ ఆ అమ్మాయి నోటు పుస్తకం అట్ట లోపల రాయించాను. ఎందుకంటే మొదటి రెండు వారాలూ ఆమెకి నా మీద కోపం వస్తుందని తెలుసు.

వచ్చింది కూడా. పద్ధతి ఇలా మొదలుపెట్టాం. గంటలో నలభై నిమిషాలు చదవాలి, పుస్తకం మూసి పదిహేను నిమిషాలు తెల్ల కాగితం మీద రాయాలి, తర్వాత పుస్తకం తెరిచి తప్పిపోయినవి ఎర్ర పెన్నుతో అదే కాగితం మీద రాయాలి. మర్నాడు పొద్దున్న కొత్త పాఠం ముట్టుకోక ముందే నిన్నటిది మళ్లీ తెల్ల కాగితం మీద. తర్వాత మూడో రోజు, ఎనిమిదో రోజు, ఇరవయ్యో రోజు, నలభై అయిదో రోజు. ఈ రోజుల లెక్క వేదవాక్కు కాదు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా పరవాలేదు, విరామం పెరుగుతూ పోవాలి, అంతే.

పది రోజులకి వచ్చి, "ఇలా చేస్తే సిలబస్ అవ్వదు మాస్టారూ. ముందు రోజుకి నలభై పేజీలు అయ్యేవి, ఇప్పుడు పద్దెనిమిది" అంది. ఆదివారం మాక్ టెస్టులో మార్కులు కూడా తగ్గాయి. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్రపోలేదు. ఇక్కడే చాలామంది పాత పద్ధతికి వెళ్లిపోతారు. తీయడం కష్టంగా ఉంటుంది, కష్టంగా ఉంటే రావట్లేదు అనిపిస్తుంది, మళ్లీ చదవడం హాయిగా ఉంటుంది, హాయిగా ఉంటే వచ్చేసింది అనిపిస్తుంది. రాబర్ట్ బ్యోర్క్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి వాటిని మేలుచేసే కష్టాలు అన్నారు. నేను ఏమీ వాదించలేదు. నవంబరులో రంగులు వేసి చదివిన ఒక చాప్టరు, డిసెంబరులో మూసి రాసిన ఒక చాప్టరు తీసుకుని రెండింటి మీదా పదేసి ప్రశ్నలు అడిగాను. మొదటిదానిలో మూడు, రెండోదానిలో ఏడు. ఒక్క మనిషి మీద ఒక్కసారి పెట్టిన పరీక్ష, దాని బలం అంతే. కానీ తన చేత్తో తను రాసుకున్న అంకెని మనిషి నమ్మినట్టు ఇంకెవరినీ నమ్మదు.

ఇక నా పొరపాటు. వాళ్ల కొట్లో పాత శుభలేఖలు కట్టలు కట్టలు ఉన్నాయి, వెనక వైపు తెల్లగా, మందంగా. వాటిని ముక్కలు కోసి కార్డులు చేయించాను, ఒక వైపు ప్రశ్న, ఇంకో వైపు జవాబు. స్వీట్ల అట్టపెట్టెకి అడ్డంగా అట్టముక్కలు పెట్టి అయిదు గదులు. జవాబు వస్తే కార్డు తర్వాతి గదికి, రాకపోతే ఏ గదిలో ఉన్నా మొదటి గదికి. మొదటి గది రోజూ తీయాలి, అయిదోది నెలన్నరకి ఒకసారి. 1970లలో లైట్నర్ అనే పాత్రికేయుడు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతే. పద్ధతి మంచిది. నేను చేసిన తప్పు, ఏది కార్డు కావాలి, ఏది కాకూడదు అని చెప్పకపోవడం. జనవరి చివరికి 900 పైచిలుకు కార్డులు తయారయ్యాయి. ఒక్కో కార్డు మీద ఆరేడు పాయింట్లు. రోజూ మొదటి గదిలోనే 150 దాకా చేరేవి. ఒక రోజు వాళ్ల నాన్న ఫోన్ చేసి, పెట్టె ముందు కూర్చుని ఏడుస్తోంది మాస్టారూ అన్నారు. వెళ్లాను. ఆ మధ్యాహ్నం ఇద్దరం కొట్టు వెనక గదిలో కూర్చుని ఒక్కో కార్డూ చూశాం. అర్థం కావాల్సిన విషయాలన్నీ పెట్టె నుంచి తీసేశాం, వాటికి తెల్ల కాగితమే సరి. పేర్లు, సంవత్సరాలు, అధికరణల నంబర్లు, తేడాలు, ఇవి మాత్రమే ఉంచాం, అవీ ఒక కార్డుకి ఒకే ప్రశ్న. మిగిలినవి 340. ఏడ్చింది ఆ అమ్మాయి, తప్పు నాది, ఆ మాట ఆమెకి చెప్పాను. అప్పటి నుంచి ఎవరికైనా మొదటి నెలలో రోజుకి పది కార్డుల కంటే ఎక్కువ రాయనివ్వను.

మరో చిక్కు, ఒకే పోలిక ఉన్న విషయాలు ఒకదాన్నొకటి తినేయడం. రాజ్యాంగం 73వ సవరణ పంచాయతీలది, పదకొండో షెడ్యూలు, 29 అంశాలు. 74వది మున్సిపాలిటీలది, పన్నెండో షెడ్యూలు, 18 అంశాలు. విడివిడిగా అడిగితే రెండూ వచ్చేవి, వారం తర్వాత 29 ఎటు, 18 ఎటు అని తడబాటు. విడివిడి కార్డులు చింపేసి ఒకే కార్డు రాయించాను: "ఊరికి ఎన్ని, పట్నానికి ఎన్ని, ఎందుకు ఊరికే ఎక్కువ?" ఊరి జాబితాలో వ్యవసాయం, పశుపోషణ, చేపల పెంపకం లాంటివి ఉన్నాయి, పట్నంలో అవి లేవు, ఆ కారణం దొరికాక అంకె జారలేదు. కలిసిపోయేవాటిని దూరం పెట్టడం కంటే పక్కపక్కన కూర్చోబెట్టి తేడా అడగడమే మందు.

ఇప్పుడు ఈ కేసులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఆంత్రపాలజీలో బంధుత్వ పదాల చాప్టరు ఆమెకి ఎప్పుడూ జారిపోయేది. బైఫర్కేట్ మెర్జింగ్, ప్యారలల్ కజిన్, క్రాస్ కజిన్, మోర్గాన్ 1871, అన్నీ ఇంగ్లీషు నిర్వచనాలుగా బట్టీ పట్టి మూడు రోజుల్లో మరిచిపోయేది. ఇంట్లో ఎవరికైనా తెలుగులో అప్పజెప్పు, అడ్డు ప్రశ్నలు వేసేవాళ్లకైతే మరీ మంచిది అన్నాను. వాళ్ల నాయనమ్మ దొరికారు. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి ఆవిడ చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు, ఈ పిల్ల ఎదురుగా కూర్చుని చెబుతోంది: కొన్ని జాతుల్లో నాన్ననీ నాన్న అన్నదమ్ముల్నీ ఒకే మాటతో పిలుస్తారు నాయనమ్మా, అమ్మ అన్నదమ్ములకి మాత్రం వేరే మాట ఉంటుంది. ఆవిడ చేతిలో పని ఆపకుండానే, "ఏ జాతేటే? మనమే కదా. పెదనాన్న, చిన్నాన్న నాన్నలే కదా, వాళ్ల పిల్లలు నీకు అన్నదమ్ములు. మేనమామ కొడుకు బావ. బావని చేసుకుంటారు గానీ పెదనాన్న కొడుకుని చేసుకుంటారేటి?" అన్నారు.

ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. చాప్టరంతా ఆ మూడు మాటల్లో ఉంది. పెదనాన్న, చిన్నాన్న అనే పదాల్లోనే నాన్న ఉన్నాడు, అదే మెర్జింగ్, కలపడం. మేనమామకి వేరే పదం, అదే బైఫర్కేషన్, విడదీయడం. అన్నదమ్ముల వరస ప్యారలల్, బావ మరదలు వరస క్రాస్. మేనరికం చేసుకుంటే మేనమామే మామగారు, మేనత్తే అత్తగారు, అందుకే మనకి పెళ్లి తర్వాత కొత్త పదం అక్కర్లేదు. మూడేళ్లుగా ఈ పిల్ల రోజూ ఇంట్లో వాడే మాటల్ని పుస్తకంలో పరాయి విషయంగా చదువుతోంది! కొత్త విషయం గుర్తుండాలంటే దాన్ని తగిలించడానికి పాత కొక్కెం కావాలి, మన పిల్లలకి కొక్కేలు ఇంట్లోనే ఉంటాయి, భాష మారడం వల్ల కనబడవు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు, జనం మాట్లాడే భాషలో చదువు ఉండాలని జీవితమంతా పోరాడారు, సవర గిరిజనుల కోసం సవర భాషే నేర్చుకున్నారు. ఆయన నడిచిన ఊళ్లో కూర్చుని మేం ఈ సంగతి ఇంత ఆలస్యంగా తెలుసుకున్నాం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. తెలుగులో అప్పజెబితే అర్థమైందో లేదో తేలిపోతుంది, కానీ జవాబు ఇంగ్లీషులో రాయాలి. కాబట్టి ఎనిమిదో రోజు దాకా తెలుగులో చెప్పినా, ఇరవయ్యో రోజు నుంచి తెల్ల కాగితం మీద ఇంగ్లీషులోనే, తొమ్మిది నిమిషాల గడియారం పెట్టుకుని. పరీక్షలో ఏ రూపంలో తీయాలో సాధన ఆఖరికి ఆ రూపంలోకి రావాలి. ఇది పట్టించుకోకపోవడం వల్ల, నోటితో గంటసేపు చెప్పగలిగి కాగితం మీద అరపేజీ దాటలేని పిల్లల్ని చూశాను.

అలాగే తితలీ తుపాను. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాని ఊడ్చేసింది. విపత్తు నిర్వహణ చాప్టరు చదివేటప్పుడు ఆ రాత్రి తర్వాత వాళ్ల వీధిలో ఏం జరిగిందో ముందు రాయమన్నాను: హెచ్చరిక ఎప్పుడు తెలిసింది, కరెంటు ఎప్పుడొచ్చింది, కొండల మీద ఊళ్లకి దారి ఎందుకు మూసుకుపోయింది. తర్వాత పుస్తకంలో ఉన్న దశలు ఆ రాత్రి పక్కనే పెట్టుకుంది. ఆ చాప్టరుకి కార్డు ఒక్కటీ అవసరం పడలేదు.

నిద్ర గురించి ఇంట్లో పెద్ద గొడవే అయింది. రాత్రి పన్నెండున్నరకి పడుకుని నాలుగున్నరకి లేచేది, వాళ్ల నాన్నకి అది గర్వం. పగలు చదివింది మెదడులో కుదురుకోవడంలో నిద్రకి పెద్ద పాత్ర ఉంది, నిద్ర కోసుకుంటే చదివింది కోసుకున్నట్టే అని ఆయనకి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. పదిన్నరకి పడుకోవడం, అయిదింటికి లేవడం అని ఒప్పందం. పడుకునే ముందు కొత్త వీడియోలు బంద్, ఆ రోజు తెల్ల కాగితాల మీద ఎర్ర పెన్ను రాతలు ఒక్కసారి చూసి దీపం ఆర్పాలి. పొద్దున్న లేవగానే అవే తీయాలి.

చోటు కూడా మార్చమన్నాను. ఒకే కుర్చీలో, ఒకే బల్ల మీద చదివింది కొంత ఆ కుర్చీకి అతుక్కుపోతుంది. 1975లో గాడెన్, బాడ్లీ అనే ఇద్దరు నీళ్లలో మునిగే డైవర్లకి నీళ్ల అడుగున కొన్ని మాటలు, గట్టు మీద కొన్ని మాటలు నేర్పితే, నేర్చుకున్న చోటే బాగా గుర్తొచ్చాయి. పరీక్ష మన ఇంట్లో జరగదు కదా. అందుకే కార్డులు కొట్లో, తెల్ల కాగితం రీడింగ్ రూమ్‌లో, నాయనమ్మకి అప్పజెప్పడం వసారాలో. ప్రిలిమ్స్ సెంటరు విశాఖ పెట్టుకుంది, గుణుపూర్ ప్యాసింజర్‌లో ముందు ఒకసారి ఊరికే వెళ్లి వచ్చింది, దారి పొడుగునా పెట్టెలోంచి తీసిన అరవై కార్డులు చేతిలో. కొట్లో అయితే సరుకులు కట్టే మధ్యలో, ఎవరైనా చిల్లర లెక్కపెడుతుంటే ఒక కార్డు. మొదట్లో విసుక్కున్న ఆ రెండు గంటలే తర్వాత రోజులో అన్నిటికంటే పనికొచ్చే రెండు గంటలయ్యాయి.

ప్రిలిమ్స్ దాటింది. మెయిన్స్ కటక్‌లో. జనరల్ స్టడీస్ రెండో పేపరు రోజు ఏడో ప్రశ్న దగ్గర మొత్తం ఖాళీ అయిపోయిందట, పోయినసారి ఇలాగే అయితే పావుగంట పోయింది. ఈసారి మేం ముందే అనుకున్నట్టు ప్రశ్నలో ముఖ్యమైన మాట చిత్తు పేజీ మీద రాసి, దాని చుట్టూ ఎవరు, ఎప్పుడు, ఎందుకు, మా ఊళ్లో ఎలా అని నాలుగు చిన్న మాటలు రాసింది. "మా ఊళ్లో ఎలా" దగ్గర దారం దొరికిందట. నిమిషంన్నరలో రాయడం మొదలుపెట్టింది.

ఫలితం దాచను. ఇంటర్వ్యూకి పిలుపు రాలేదు. ఆప్షనల్ రెండు పేపర్లలోనూ పోయినసారి కంటే మార్కులు బాగా పెరిగాయి, వ్యాసం పేపర్లో తగ్గాయి. వ్యాసం మీద మేం పెట్టిన సమయం తక్కువ, జ్ఞాపకం గొడవలో పడి ఆలోచనని పేర్చుకునే సాధన వెనకబడింది, అది కూడా నేను ముందే చూడాల్సింది. పేరు లేదని తెలిసిన రోజు వాళ్ల నాన్న నాతో ఏమీ మాట్లాడలేదు, మర్నాడు అరటిపళ్లు పంపించారు.

మెయిన్స్ తర్వాత నెలల తరబడి పెట్టె అటక మీదే ఉంది. మొన్న దింపించాను. అయిదో గదిలోంచి చూడకుండా అరవై కార్డులు తీసి, ఒక్క రివిజన్ లేకుండా అడిగాను. 41 వచ్చాయి. రాని 19లో పదమూడు కమిటీల పేర్లు, సంవత్సరాలు, అంటే కొక్కెం లేకుండా వేలాడదీసినవి. బంధుత్వ పదాల కార్డులు నాలుగూ వచ్చాయి, నాయనమ్మ గొంతుతో సహా వచ్చాయి మాస్టారూ అంది.

ఆ పందొమ్మిదీ మొదటి గదిలో పెట్టింది. కమిటీల పేర్లు ఒక్కోదాన్నీ ఏ గొడవ వల్ల వేశారో ముందు కథలా రాసుకుని, ఆ తర్వాతే కొత్త కార్డు రాయాలని అనుకున్నాం. వ్యాసానికి వారంలో రెండు ఉదయాలు. సోమవారం నుంచి మొదలు.